అమ్మానాన్నలకి లండన్‌ని కోచ్ అద్దాల్లోంచే చూపిద్దామా?

ఇక్కడి మన తెలుగు సంఘం ఉగాది సభలో పంచాంగ శ్రవణం అయ్యాక తెర మీద మన "పేరెంట్స్ లండన్ ట్రిప్" ఫోటోలు వేశారు. బ్యానర్ ఉంది, కమిటీ ఉంది, వెనకాల బిగ్ బెన్ ఉంది. అందరూ చప్పట్లు కొడుతుంటే పక్కన మా నాన్న, "కాస్త దిగి చూడనిస్తే బాగుండేదిరా" అన్నారు. బ్రిటిష్ మ్యూజియం మెట్ల దగ్గర గ్రూప్ ఫోటో తీసి, వెంబ్లీలో బఫేకి టైమైపోతోందని మళ్లీ కోచ్ ఎక్కించారట.

కమిటీ కష్టం తక్కువది కాదు. తెల్లవారుజామునే లేచి పులిహోర పొట్లాలు కట్టారు, బీపీ మాత్రలు గుర్తుచేశారు. పైగా మన పెద్దవాళ్లు బాత్రూమ్‌కి వెళ్లాలని కూడా నోరు తెరిచి అడగరు. "మీకెందుకమ్మా శ్రమ" అంటూ బిగబట్టుకుని కూర్చుంటారు. ఆ మొహమాటం చూస్తే నాకు ముద్దూ వస్తుంది, ఒళ్లూ మండుతుంది.

కానీ ఆ మ్యూజియం మెట్లెక్కి లోపలికి వెళ్తే 33ఎ గదిలో ఉన్నది మన అమరావతి బౌద్ధ స్తూపం. వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి 1845లో తవ్వించి మద్రాసుకి చేర్చిన శిల్పాలు 1859లో లండన్ వచ్చాయి, 1880 నుంచి ఈ మ్యూజియంలో ఉన్నాయి. నాన్నది సత్తెనపల్లి దగ్గర పల్లె. ఆ తర్వాతి శుక్రవారం నేనే తీసుకెళ్లాను. గాజు గోడ వెనక ఆ రాళ్లు చూడగానే, "ఇది మన పల్నాడు రాయేరా!" అని గదంతా వినిపించేలా అన్నారు. చిన్నప్పుడు అమరేశ్వరుడి గుడికెళ్లి దీపాలదిన్నె (ఆ స్తూపం ఉన్న దిబ్బ) ఎక్కిన కథ మొదలుపెట్టారు. "మనవి మనకి ఇచ్చేయొచ్చుగా వీళ్లు" అని అక్కడి కాపలా ఆయనతో చెప్పమన్నారు. నేను చెప్పలేదనుకోండి.

వెళ్లేవాళ్లకి నాలుగు మాటలు. ప్రవేశం ఉచితం, శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచి ఉంటుంది. ఆ గది తెరిచి ఉందో లేదో మాత్రం ముందే చూసుకోండి. మోకాళ్ల నొప్పులుంటే హోబర్న్ స్టేషన్‌లో దిగకండి. టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్‌లో లిఫ్టులున్నాయి, హీత్రూ నుంచి ఎలిజబెత్ లైన్ నేరుగా వస్తుంది. ఊరు చూడాలంటే 15వ నంబరు బస్సు పైఅంతస్తు చాలు: టవర్ ఆఫ్ లండన్, సెయింట్ పాల్స్, ట్రఫాల్గర్ స్క్వేర్ అన్నీ దారిలోనే. బస్సులో నగదు తీసుకోరు. ఎక్కేటప్పుడు ఒక్కసారి కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డో, ఆయిస్టర్ అనే ప్రయాణ కార్డో ఆనిస్తే చాలు, ట్యూబ్ రైల్లో అయితే దిగాక కూడా ఆనించాలి. ఒకే కార్డుతో ఇద్దరు కుదరదు. ట్రఫాల్గర్‌లో దిగితే నేషనల్ గ్యాలరీ కూడా ఉచితమే. కూర్చోవడానికి బెంచీలున్నాయి, బాత్రూమ్‌లున్నాయి.

కమిటీకి నా విన్నపం ఒకటే. ఈసారి కోచ్ మాట్లాడొద్దు. ఆ డబ్బుతో పెద్దవాళ్లకి తలా ఒక ఆయిస్టర్ కార్డు కొనివ్వండి, నలుగురికొక వాలంటీర్‌ని పంపండి. శుక్రవారాలు నేనొస్తాను.