కార్వీ పేరు చెప్పి యాప్‌లని తిడుతున్న ఆ ఫార్వర్డ్ సంగతి

ఫ్యామిలీ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది, మీకూ వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది టూకీగా ఇదీ: "కొత్తగా షేర్లు కొనేవాళ్ళు జాగ్రత్త. యాప్‌లో కొన్న షేర్లు ఆ కంపెనీ దగ్గరే ఉంటాయి, వాడు దుకాణం మూసేస్తే మీవీ పోతాయి, కార్వీ గుర్తుందిగా. జీరో బ్రోకరేజ్ అంతా మోసం. కాస్త ఖర్చయినా పెద్ద బ్యాంక్ దగ్గరే డీమ్యాట్ తీసుకోండి, వాళ్ళిచ్చే టిప్స్‌తో ఆ ఖర్చు వచ్చేస్తుంది. వీలైతే మూడు నాలుగు అకౌంట్లు పెట్టుకోండి, ఐపీఓ తగిలే ఛాన్స్ కూడా పెరుగుతుంది." కింద షరా మామూలే, అకౌంట్ ఓపెనింగ్ లింకు, దాని తోకకి ఒక రిఫరల్ కోడు. అంటే మనం భయపడి ఆ లింక్ నొక్కితే ఎవరికో ఎంతో కొంత ముడుతుంది అన్నమాట.

సరే, ఒక్కోటీ చూద్దాం. ముందుగా నాలుగు మాటలు: డీమ్యాట్ అంటే మన షేర్లు ఎలక్ట్రానిక్‌గా జమ అయ్యే ఖాతా, బ్రోకరేజ్ అంటే కొనిపెట్టి అమ్మిపెట్టినందుకు బ్రోకర్ తీసుకునే కమీషన్, ఐపీఓ అంటే కంపెనీ మొదటిసారి జనానికి షేర్లు అమ్మడం, కార్వీ అంటే 2019లో గొడవలో పడ్డ షేర్ బ్రోకర్ కంపెనీ.

షేర్లు యాప్ కంపెనీ దగ్గర ఉంటాయనేది శుద్ధ తప్పు. అవి ఉండేది డిపాజిటరీలో, అంటే అందరి డీమ్యాట్ ఖాతాల లెక్కా చూసే సంస్థలో, మన దేశంలో అలాంటివి రెండే రెండు, ఎన్‌ఎస్‌డీఎల్, సీడీఎస్‌ఎల్. బ్రోకర్ యాప్ అయినా బ్యాంక్ అయినా మన షేర్లు చేరేది ఆ రెంటిలో ఒకదానికే. మీ డీమ్యాట్ నంబర్ చూడండి, మొత్తం 16 అంకెలే ఉంటే సీడీఎస్‌ఎల్, ముందు ఐఎన్ అని ఉంటే ఎన్‌ఎస్‌డీఎల్. యాప్ మీద నమ్మకం లేదా, దాన్ని పక్కన పెట్టేసి సీడీఎస్‌ఎల్ వాళ్ళ ఈజీ అనే సైట్‌లో లాగిన్ అయి చూసుకోవచ్చు, లేదంటే ఆ నెలలో ఏదన్నా కొని అమ్మి ఉంటే మెయిల్‌కి కన్సాలిడేటెడ్ స్టేట్‌మెంట్ వస్తుంది, పాస్‌వర్డ్ మన పాన్ నంబరే, చాలామంది దాన్ని స్పామ్ అనుకుని తెరవనే తెరవరు.

ఇక కార్వీ. ఇక్కడే నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే కార్వీ యాప్ కంపెనీ కానే కాదు. మన హైదరాబాద్‌దే, ఊరూరా బ్రాంచి, గాజు తలుపు, లోపల టై కట్టుకున్న మేనేజరు, ఫోన్ చేసి "సార్ ఈ షేర్ చూడండి" అనే మనిషి, అంతా పాతకాలం ఫుల్ సర్వీస్ పద్ధతే. అంటే ఈ ఫార్వర్డ్ ఏ పద్ధతి సేఫ్ అంటోందో దాదాపు ఆ పద్ధతిలోనే ఆ గొడవ జరిగింది. జరిగిందేంటంటే కస్టమర్ల షేర్లని వాళ్ళకి చెప్పకుండా తాకట్టు పెట్టి అప్పులు తెచ్చుకున్నారు. కస్టమర్లు అకౌంట్ తెరిచేటప్పుడు ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ, అంటే సంతకం పెట్టిన ఖాళీ చెక్కు లాంటిది, దాన్ని వాడేశారు. 2019 నవంబర్ 22న షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ కార్వీ మీద ఆర్డర్ ఇచ్చింది, డిసెంబర్ మొదట్లో దాదాపు 83 వేల మంది షేర్లని ఎన్‌ఎస్‌డీఎల్ తిరిగి వాళ్ళ అకౌంట్లలో వేసింది, తర్వాత ఏడాదికి ఎన్‌ఎస్‌ఈ అనే స్టాక్ ఎక్స్చేంజ్ కార్వీని మెంబర్‌షిప్ నుంచే తీసేసింది, 2021లో డీమ్యాట్ అకౌంట్లు ఐఐఎఫ్‌ఎల్ అనే ఇంకో బ్రోకర్‌కి మారిపోయాయి. బ్రోకర్ పోయినా అకౌంట్లు ఉన్నాయి. కానీ ఆ నెలల్లో జనం పడ్డ టెన్షన్ చిన్నది కాదు, ముఖ్యంగా బ్రోకర్ దగ్గర డబ్బు పడి ఉన్నవాళ్ళు క్లెయిమ్‌లు వేసుకుని తిరగాల్సి వచ్చింది, అది ఒప్పుకోవాలి.

కాబట్టి కార్వీ నుంచి నేర్చుకోవాల్సింది యాప్ వద్దు అని కాదండీ, షేర్లు కదిలించే అధికారం ఎవరి చేతిలో ఉందో చూడమని. ఆ తర్వాత రూల్స్ కూడా మారాయి. 2020 సెప్టెంబర్ నుంచి తాకట్టు పెట్టాలంటే మన అకౌంట్‌లోనే ప్లెడ్జ్ మార్క్ అవ్వాలి, మనకి ఓటీపీ వస్తుంది. 2022 నవంబర్ నుంచి కొత్త అకౌంట్లకి పవర్ ఆఫ్ అటార్నీ పోయి డీడీపీఐ అని, షేర్లు కదపడానికి బ్రోకర్‌కి ఇచ్చే చిన్న అధికారం వచ్చింది, అదీ మన ఇష్టం. అకౌంట్ తెరిచేటప్పుడు యాప్ "డీడీపీఐ ఇచ్చేయండి, అమ్మడం ఈజీ" అని వెంటపడుతుంది, నెలకో రెండు నెలలకో ఒకసారి అమ్మేవాళ్ళకి అది అస్సలు అక్కర్లేదు, అమ్మేటప్పుడు సీడీఎస్‌ఎల్ ఇచ్చే టీపిన్ అనే పిన్ నంబరు, ఓటీపీ కొడితే సరిపోతుంది, అర నిమిషం పని. 2025 నుంచైతే కొన్న షేర్లు బ్రోకర్ పూల్ (ఉమ్మడి) అకౌంట్‌లో ఆగకుండా నేరుగా మన డీమ్యాట్‌కే వస్తున్నాయి. డబ్బు విషయానికొస్తే, వాడని డబ్బు బ్రోకర్ దగ్గర ఉంచకుండా వెనక్కి బ్యాంక్‌లోకి లాగేసుకోవడం మంచిది. ఈ ఒక్క చోట మాత్రం బ్యాంక్ వాళ్ళ త్రీ ఇన్ వన్ అకౌంట్ (సేవింగ్స్, డీమ్యాట్, ట్రేడింగ్ మూడూ కలిపి) నిజంగా మేలే, కొనేదాకా డబ్బు మన సేవింగ్స్‌లోనే ఉంటుంది, వడ్డీ కూడా వస్తుంది.

జీరో బ్రోకరేజ్ మోసం అనే మాటలో సగం నిజం ఉంది. బ్రోకరేజ్ జీరో అంటే ఖర్చు జీరో కాదు. లెక్క వేద్దాం, 10,000కి షేర్లు డెలివరీలో, అంటే అదే రోజు అమ్మకుండా డీమ్యాట్‌లోకి తెచ్చుకునేలా, కొని అదే రేటుకి అమ్మారనుకోండి. ఎస్‌టీటీ అనే ప్రభుత్వ పన్ను కొన్నప్పుడు 10, అమ్మినప్పుడు 10. స్టాంప్ డ్యూటీ రూపాయిన్నర. ఎక్స్చేంజ్ ఛార్జీలు అన్నీ కలిపి రూపాయి లోపు. అమ్మినప్పుడు, డీమ్యాట్ నుంచి షేర్లు తీసినందుకు డీపీ ఛార్జీ అని ఒక్కో కంపెనీ షేర్లకి దాదాపు 15. మొత్తం 37, 38 రూపాయలు. ఆర్డర్‌కి 0.1 శాతం తీసుకునే యాప్ అయితే జీఎస్టీతో కలిపి ఇంకో 23 పైచిలుకు, అంటే 61 దాకా. అదే అర శాతం వసూలు చేసే బ్యాంక్ బ్రోకర్ ప్లాన్ అయితే బ్రోకరేజ్, జీఎస్టీనే 118, అన్నీ కలిపి 155 దాటుతుంది, అంటే షేరు ఒకటిన్నర శాతం పెరిగితే గానీ మనం సున్నాకి రాము. పైగా కొన్ని ప్లాన్లలో ఆర్డర్‌కి మినిమం ఇంత అని ఉంటుంది, రెండు వేలకి కొనేవాడికి అది ఇంకా దారుణం. చిన్న మొత్తాలతో మొదలుపెట్టేవాళ్ళు డీపీ ఛార్జీ కూడా చూసుకోవాలి, 500 రూపాయల షేర్ అమ్మితే 15 పోయిందంటే మూడు శాతం అక్కడే పోయినట్టు.

అసలు ఫ్రీ యాప్‌లు సంపాదించేది ఎక్కడ? ఆర్డర్ విండోలో చూడండి, డెలివరీ, ఇంట్రాడే, ఎంటీఎఫ్ అని పక్కపక్కనే బటన్లు ఉంటాయి. కొత్తవాళ్ళు చూసుకోకుండా ఇంట్రాడే (కొన్నరోజే అమ్మేసే పద్ధతి) నొక్కేస్తే మధ్యాహ్నం మూడుంబావు దాటాక వాళ్ళే అమ్మేసి దానికి ఫీజు కూడా వేస్తారు. ఎంటీఎఫ్ అంటే అప్పు, ప్రతి రోజుకీ వడ్డీ నడుస్తుంది. ఆ తర్వాత ఎఫ్ అండ్ ఓ, అంటే ఫ్యూచర్స్, ఆప్షన్స్ అనే, రేట్లు ఎటు కదులుతాయో అని వేసే పందాల్లాంటి ఒప్పందాలు. సెబీ లెక్క ప్రకారం 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓ ఆడిన మామూలు జనంలో 93 శాతం మంది నష్టపోయారు, పోయిన మొత్తం 1.8 లక్షల కోట్ల పైనే. ఫార్వర్డ్ రాసినాయన యాప్‌లని తిట్టదలుచుకుంటే ఇది రాయాల్సింది, రాయలేదు.

టిప్స్‌తో బ్రోకరేజ్ ఖర్చు వచ్చేస్తుందనేది ఆశ, అంతే. రిలేషన్‌షిప్ మేనేజర్‌కి టార్గెట్ ఉండేది మన లాభం మీద కాదు, మనం ఎన్నిసార్లు కొని అమ్మితే అంత ఆదాయం వాళ్ళకి, ఇది బ్యాంక్ అయినా అంతే. ఇక వాట్సాప్‌లో "టిప్స్ గ్రూప్"లో చేర్చి ఏదో యాప్ ఇన్‌స్టాల్ చేయించే బ్యాచ్ ఇంకో రకం, దాంట్లో లాభాలు కనిపిస్తాయి, డబ్బు మాత్రం బయటికి రాదు. కొత్తవాళ్ళకి ఇప్పుడున్న అసలు ప్రమాదం ఇదే, పేరున్న బ్రోకర్ మూసేయడం కంటే. డబ్బు వేసే ముందు సెబీ సైట్‌లో ఆ పేరు వెతకండి, స్టాక్ బ్రోకర్ రిజిస్ట్రేషన్ నంబర్ ఐఎన్‌జెడ్‌తో మొదలవుతుంది. 2025 అక్టోబర్ నుంచి వచ్చిన కొత్త యూపీఐ ఐడీలు చూసినా తెలుస్తుంది, బ్రోకర్‌దైతే మధ్యలో బీఆర్‌కే అని, యాట్ గుర్తు తర్వాత వ్యాలిడ్ అని, ఆపైన బ్యాంక్ పేరు ఉంటుంది. ఎవడో మనిషి పేరు మీద ఉన్న కరెంట్ అకౌంట్‌కి వేయమన్నాడంటే ఫోన్ పెట్టేయండి. ఏ బ్రోకర్ మీద ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో ఎన్‌ఎస్‌ఈ సైట్‌లోనే ఉంటుంది, దాన్ని వాళ్ళ కస్టమర్ల సంఖ్యతో పోల్చి చూడండి, యూట్యూబ్ రివ్యూల కంటే అది నయం.

చివరిది, నాలుగు అకౌంట్లు. దండగ. ఒక్కటే డీమ్యాట్ ఉంటే దాన్ని బేసిక్ అకౌంట్ కింద పెట్టుకోవచ్చు, 4 లక్షల హోల్డింగ్ దాకా యాన్యువల్ ఛార్జీ లేదు, 4 నుంచి 10 లక్షల దాకా ఏడాదికి 100. రెండోది తెరిచారంటే ఆ సౌకర్యం పోతుంది, టాక్స్ టైమ్‌లో నాలుగు స్టేట్‌మెంట్లు కలుపుకోవడం అదనపు తలనొప్పి. ఐపీఓ సంగతి ఇంకా కామెడీ. ఎన్ని డీమ్యాట్‌లు ఉన్నా ఒక పాన్‌కి ఒక్క అప్లికేషనే, ఒకే పాన్ మీద రెండు చోట్ల నుంచి వేస్తే ఛాన్స్ పెరగకపోగా అప్లికేషన్లు రిజెక్ట్ అవుతాయి. ఇంట్లో ఆవిడ పేరు మీద, ఆవిడ పాన్‌తో, ఆవిడ బ్యాంక్ అకౌంట్ నుంచే వేస్తే మాత్రం అది వేరే అప్లికేషన్ కిందే లెక్క.