‘హెచ్‌ఆర్‌లు చెప్పని ఐదు నిజాలు’ పంపినవాళ్లందరికీ

ఈ వాట్సాప్ మెసేజ్ మొదట అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది. తర్వాత కాలేజీ గ్రూపు. నిన్న రాత్రి పదకొండింటికి మా బామ్మర్ది: “బావా, ఇది నిజమేనా?” మాదాపూర్‌లో పదకొండేళ్లుగా రిక్రూటర్‌ని. ఒకేసారి రాసిపడేస్తున్నా, మళ్లీ పంపకండి.

‘రెజ్యూమె ఆరు సెకన్లే చూస్తారు.’ 2012లో అమెరికాలో ఒక జాబ్ సైట్ కళ్ల కదలికలు కొలిచి చెప్పిన లెక్క. అది మొదటి చూపు సంగతి. వదిలేయండి.

‘తెల్ల అక్షరాల్లో కీవర్డ్స్ దాచండి.’ ఏటీఎస్‌లో, అంటే మేము రెజ్యూమెలు వడకట్టే సాఫ్ట్‌వేర్‌లో, పడ్డాక రంగులు పోయి ఉత్త టెక్స్ట్ మిగులుతుంది. మీరు దాచినవన్నీ నాకు నల్లగా బారులు తీరి కనిపిస్తాయి. నవ్వుకుంటాం.

‘మనిషి కాదు, సాఫ్ట్‌వేరే రిజెక్ట్ చేస్తుంది.’ పాపం దాని తప్పేముంది? ఫిల్టర్ పెట్టేది నేను. నోటీస్ పీరియడ్ 30 రోజుల లోపు అని టిక్ కొడితే 90 రోజులవాళ్లు మాయం.

ఇక నాలుగోది చదివితే ఒళ్లు మండింది. ‘గ్యాప్ ఉంటే అమీర్‌పేటలో మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టించుకోండి, పీఎఫ్ కూడా కడతారు, అందరూ చేసేదే.’ అవును, కడతారు. పాస్‌బుక్‌లో ఏ నెల జీతానికి ఏ తేదీన కట్టారో కూడా పడుతుంది. పద్దెనిమిది నెలల పీఎఫ్ ఒకే వారంలో జమైతే ఏమనుకోవాలి, యజమానికి మతిమరుపు అనా? పోయినేడాది ఒక కుర్రాడి ‘కంపెనీ’ అడ్రస్‌కి వెరిఫికేషన్‌వాళ్లు వెళ్లారు. కింద కర్రీ పాయింట్, పైన లేడీస్ హాస్టల్. క్లౌడ్ ప్రాజెక్టులు ఏ అంతస్తులో నడిచాయో మరి! రిపోర్టు వచ్చేసరికి వాడు చేరి రెండో నెల. ల్యాప్‌టాప్ అక్కడే పెట్టించి పంపేశారు. పని బాగానే చేస్తున్నాడని మేనేజర్ చెప్పాడు కూడా. ఇప్పుడు వాడికి పాత గ్యాప్ అలాగే ఉంది, పైన ఆ మూడేళ్లు కొనడానికి చేసిన అప్పు, ఎక్కడా చెప్పుకోలేని రెండు నెలలు. ఈ మెసేజ్ రాసిన మహానుభావుడు ఆ ఈఎంఐ కడతాడా?

పైగా ఇప్పుడు అందరి రెజ్యూమెలూ ఏఐ రాసినవే, అన్నీ ఒకే అచ్చు. ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో కెమెరా ముందు పెదాలు ఒకరివి, గొంతు ఇంకొకరిది. అందుకే ఆఫీసుకి పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి అడగడం మళ్లీ మొదలైంది. కొనుక్కున్న మూడేళ్లు అక్కడ ఎంతసేపు నిలబడతాయి?

ఐదోది: ‘రిక్రూటర్లకి క్యాండిడేట్ క్వాలిటీ తెలీదు.’

ఇది నిజం. మా టార్గెట్ జాయినింగ్‌ల మీద. ఫోన్ ఎత్తి, త్వరగా చేరతానని, మా బడ్జెట్‌లో జీతం అడిగితే చాలు, ‘మంచి ప్రొఫైల్’ అనేస్తాం. గ్యాప్ కనిపిస్తే అడక్కుండానే పక్కన పెట్టేది కూడా మేమే. అమీర్‌పేటలో ఆ దుకాణాలు నడిచేది ఆ భయం మీదే.

మొన్న ఒక క్లయింట్ దగ్గర నేను పంపిన ముగ్గుర్ని ఇంటర్వ్యూ ప్యానెల్‌లో ఒకావిడ తిప్పి పంపింది. అడిగిన ప్రశ్నలు చూస్తే ముగ్గురి విషయంలోనూ ఆవిడదే రైటు. పేరెక్కడో విన్నట్టుందే అని మా సిస్టమ్‌లో వెతికాను. 2019లో మాకు అప్లై చేసింది. తల్లికి బాగోలేక రెండేళ్లు ఇంట్లో ఉన్నానని రాసుకుంది. కింద నా నోటు: ‘గ్యాప్. వద్దు.’