గరిక మైదానాన్ని గుచ్చాలా, మట్టికే వదిలేయాలా?

విశాఖపట్నంలోని ఒక కళాశాల ఫుట్‌బాల్ మైదానంలో గోల్‌పోస్టుల ముందు గరిక పలచబడి, వాన పడితే నీరు నిలుస్తోంది. మైదానమంతటినీ, నేలలో రంధ్రాలు చేసి మట్టిని కడ్డీలుగా పెకలించే బోలు సూదుల యంత్రంతో గుల్లచేయించాలన్న ప్రతిపాదనపై మైదాన పర్యవేక్షకుడికీ, భూసార అధ్యాపకుడికీ నడిచిన వాదమిది.

పర్యవేక్షకుడు: మాస్టారూ, బూట్ల తొక్కుడుకు పై రెండు మూడు అంగుళాల మట్టి గట్టిపడి, వేర్లకు గాలి అందడం లేదు. గరిక వేడిలోనే జోరుగా పెరుగుతుంది కనుక, జూన్‌లో తొలకరి పడిన మర్నాడే గుచ్చేస్తే అక్టోబరు తుఫాన్ల నాటికి పూర్తిగా కమ్ముకుంటుంది.

అధ్యాపకుడు: నెల సరైనదే బాబూ, ఆ మర్నాడే సరికాదు. బంకపాలు ఎక్కువున్న మన ఎర్రమట్టి ముద్దగా తడిసినప్పుడు సూది దిగితే, రంధ్రం గోడలు అలికినట్టు నునుపెక్కి గాలినీ నీటినీ పక్కలకు పోనివ్వవు. గుప్పెడు మట్టిని పిసికి చూడండి. వేళ్లకు అంటితే ఆగాలి. ఉండ కట్టి, బొటనవేలితో నొక్కగానే విడిపోతే పదునులో ఉన్నట్టు.

పర్యవేక్షకుడు: రంధ్రాల్లో ఇసుక నింపుతాం కదా, ఎలా మూసుకుపోతాయి?

అధ్యాపకుడు: ఏ ఇసుక? చేరువలో ఉందని సముద్రపు ఇసుక తెస్తే, అందులోని సోడియం బంకమట్టి రేణువులను విడదీసి, ఎండాక నేలను పెచ్చుకట్టిస్తుంది. గరిక ఉప్పును కొంత ఓర్చుకుంటుంది గనుక ఆ నష్టం వెంటనే కంటబడదు కూడా. కడిగిన ఏటి ఇసుకే వాడాలి. ఏటా ఒకే లోతున గుచ్చితే సూది మొన ఆగేచోట, నాగలి కింద ఏర్పడినట్టే, గట్టి పొర ఏర్పడుతుంది. లోతు మారుస్తుండాలి.

పర్యవేక్షకుడు: ఇన్ని షరతులకంటే వర్మీకంపోస్టు చల్లి వానపాములకు వదిలేయమనడమే సులువు! కానీ అవి నెలల తరబడి తొలిచిన దారులను గోల్ ముందు ఒక్క మ్యాచ్ మూసేస్తుంది. వాటి మట్టి కుప్పెలు తడిస్తే ఆటగాళ్లు జారిపడతారు.

అధ్యాపకుడు: గోల్ ముందు యంత్రం తప్పదు, ఒప్పుకుంటాను. కానీ తడి ఉన్నప్పుడు స్క్రూడ్రైవర్ చేతి ఒత్తిడికే దిగిపోయే అంచులను ఎందుకు గుచ్చాలి? అక్కడ వానపాముల పని చక్కగా సాగుతోంది. యంత్రం పెకలించిన మట్టి కడ్డీలనూ పారేయవద్దు. ఆరాక చిదిపి, చివికిన కంపోస్టుతో కలిపి మళ్లీ పరిస్తే నేల సత్తువ నేలలోనే ఉంటుంది. సాధన గోల్‌పోస్టులను అప్పుడప్పుడు జరిపితే తొక్కుడూ ఒకేచోట పడదు.

పర్యవేక్షకుడు: జరుపుతాను. గుచ్చాక నేలను చదును చేసే రోలర్ మాత్రం ఆపలేను. బొడిపెలు మిగిలితే కాలు మడతపడేది పిల్లలకే.

అధ్యాపకుడు: తేలికది, పదునులో మాత్రమే నడపండి.

పర్యవేక్షకుడు: తడి ఉంటేనే కదా మాస్టారూ బొడిపెలు అణిగేది!

అధ్యాపకుడు: వాటితోపాటు మీరు డబ్బు పోసి చేయించిన రంధ్రాలూ అణుగుతాయి.