ఫ్రీసెల్‌ను తక్కువ చేయకండి

చిన్న కంప్యూటర్ ఆటలకు బుర్ర అక్కర్లేదని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. విండోస్ 95 రోజుల నుంచి ఫ్రీసెల్ ఆడుతున్నాను; ఇది కంప్యూటర్‌లో ఒక్కరే ఆడుకునే పేకాట, అంటే ఒక రకం సాలిటేర్. అందులో ముక్కలన్నీ మొదటి నుంచీ కళ్లెదుటే ఉంటాయి, ఓడితే అదృష్టాన్ని తిట్టుకునే వీలు లేదు. అప్పటి ఆటలో నంబర్లు వేసిన 32,000 ముక్కల పంపకాల్లో 11982వ నంబరు ఒక్కదానికే పరిష్కారం లేదు. ఈ సంగతి తెలిశాక మధ్యలో ఆట వదిలేయడం మానేశాను. ఒక్కోసారి మొదటి ఎత్తు వేయడానికే పది నిమిషాలు ఆలోచిస్తాను. దాగిన బాంబులను తప్పించుకుంటూ గడులు తెరిచే మైన్‌స్వీపర్ కూడా మంచిదే, కానీ చివరి రెండు గడుల దగ్గర గుడ్డిగా ఊహించాల్సి రావడం అన్యాయం. అసలు నాకు కోపం తెప్పించేవి ఇప్పటి ఫోన్ ఆటలు: అయిదుసార్లు ఓడితే ఆగమంటాయి, ఆగలేకపోతే డబ్బు కట్టమంటాయి. సాలిటేర్ నన్నెప్పుడూ పైసా అడగలేదు.