ఓడకి ఈశాన్యం ఎటు?

ఇల్లు కొనేటప్పుడు మనం పదిమందిని అడుగుతాం. మూడు రాత్రుల ఓడ ప్రయాణానికి గది తీసుకోవాలంటే ముప్పైమందిని అడుగుతాం. న్యాయమే. నచ్చని ఇల్లు అమ్ముకోవచ్చు, నడిసముద్రంలో నచ్చని గదిని ఎవడు కొంటాడు?

2022 జూన్‌లో విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు క్రూయిజ్ ఓడ బయల్దేరినప్పుడే మా ఇంట్లో ఈ శాస్త్రచర్చ మొదలైంది. ఎట్టకేలకు మేమూ వెళ్లాలని తేలాక, ఓడలో ఏ అంతస్తులో (డెక్కులో) ఏ గది ఉందో చూపే డెక్ ప్లాన్ ప్రింటు తీసి డైనింగ్ టేబుల్ మీద పరిచాం. మావయ్యగారు కళ్లజోడు సర్దుకుని, ఎర్ర పెన్ను మూత తీసి అడిగారు. "అల్లుడుగారూ, ఈశాన్యం ఎటు?"

కొట్టిపారేసే ప్రశ్న కాదు. విశాఖ నుంచి చెన్నైకి ఓడ నైరుతి వైపు పోతుంది. అప్పుడు ఎడమచేతి గదులు సముద్రం వైపు, కుడిచేతివి తీరం వైపు. తిరుగుప్రయాణంలో అంతా తారుమారు. వెళ్లేటప్పుడు ఆగ్నేయంలో ఉన్న బాత్రూమ్ వచ్చేటప్పుడు వాయవ్యానికి చేరుతుంది. రేవులో ఓడని తిప్పుతుండగా ఈశాన్యాన్ని కూడా ఓసారి పలకరించి రావచ్చు. ఆ కాసేపు ఎవరూ బాత్రూమ్ వాడకపోతే దోషం లేదని మావయ్యగారు తీర్పిచ్చారు. చాలా ఓడల్లో 12వ డెక్ తర్వాత నేరుగా 14 వస్తుందని చెప్పేసరికి, ఓడలు కట్టేవాళ్ల ఇంజనీరింగ్ మీద ఆయనకి గౌరవం పెరిగింది.

అత్తయ్యగారి పరీక్ష వేరు.

"బాల్కనీలో బట్టలారేసుకోవచ్చా?"

"కూడదండీ, గాలికి ఎగిరిపోతాయి."

"మరి అంత డబ్బెందుకు బాబూ?"

రెండు కుర్చీలు, రెయిలింగుకి మోకాళ్లు తగిలేంత చోటు, వాట్సాప్ స్టేటస్‌కి ఓ సూర్యోదయం. ఇంతకుమించి జవాబు నాకూ దొరకలేదు. కిటికీ గది కాస్త చవకే గానీ, 'కొంత అడ్డు ఉంటుంది' అని చిన్నక్షరాల్లో రాసుంటే ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. మాకు తెలిసినాయన అలాంటిదే తీసుకుని, మూడ్రోజులూ నారింజరంగు లైఫ్‌బోటు పొట్ట చూస్తూ కూర్చున్నాడు. మనిషి పిరికివాడు కాబట్టి అంతకన్నా అందమైన దృశ్యం లేదన్నాడు. ఇక 'గ్యారంటీ' గది. ఏ గది ఇస్తారో ముందు చెప్పం అన్నదే అందులో గ్యారంటీ. ఆర్ఏసీ టికెట్టుకి కోటు తొడిగారంతే.

నిజానికి ఈ శాస్త్రమంతా మన ఆర్టీసీ బస్సులోనే ఉంది. వెనక సీట్లో కూర్చుని గతుకుల రోడ్డు మీద వెళ్లినవాడికి వేరే చెప్పాలా? ఓడ కూడా అంతే. ముక్కు, తోక ఎగిరెగిరి పడతాయి, నడుము మాత్రం నిదానంగా ఊగుతుంది. అందుకే నడిమధ్యన, కింది డెక్కులో గది మేలు. టైటానిక్‌లో మొదటి తరగతి వాళ్లని నడిమధ్యన పెట్టి, మూడో తరగతి వాళ్లని రెండు కొసలకి తోసింది ఊరికే కాదు. ముక్కు దగ్గరైతే తెల్లారుజామున లంగరు గొలుసు మోత, తోక దగ్గరైతే ఇంజను వణుకు. నెత్తిన ఈతకొలను ఉంటే, కోడి కూయకముందే కుర్చీలు ఈడ్చే చప్పుడు. పైనా కిందా గదులే ఉన్న గది చూసుకోవాలి. అపార్ట్‌మెంట్లో మూడో అంతస్తు కోసం మనం కొట్టుకునేది ఇందుకేగా!

ఇదంతా విన్నాక కూడా మావయ్యగారు ముక్కు దగ్గరి బాల్కనీ గదే తీసుకున్నారు. "పెద్దవాళ్లం, ముందుండాలి కదా." నేను నడుము దగ్గర కిటికీలేని గది తీసుకున్నాను. లైటార్పితే అమావాస్య, పగలు పదైనా తెల్లారదు.

మొదటిరాత్రి రెండింటికి తలుపు చప్పుడైంది. తీస్తే మావయ్యగారు. ఒక చేతిలో దిండు, ఇంకో చేతిలో ఫోను, నోట్లో నిమ్మకాయ చెక్క.

"అల్లుడుగారూ, ఈ ఇనుప గోడల మధ్య దిక్సూచి తలోదిక్కూ చూపిస్తోంది. ఉత్తరం ఎటో చెబితే తల అటు పెట్టకుండా పడుకుంటాను."

అత్తయ్యగారు అప్పటికే మా గదిలో నిద్రపోతున్నారు.