మా కంచె గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కంచె గారి దివ్య సముఖానికి,

ఒడిశాలోని పర్లాకిమిడి పొలిమేరలో ఎకరంన్నర మెట్టకు కొత్తగా యజమాని అయినవాడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా కులాసా. తమరు కులాసాగా లేరని పడమటి వైపు వంగిన స్తంభాలు చూస్తేనే తెలుస్తోంది.

తమరి ఖర్చు ఊసెత్తను. ఆవుకీ, మేకలకీ, కోళ్లకీ, కూరగాయల మడులకీ కలిపి అయినదానికన్నా తమరికే ఎక్కువైందని మా ఆవిడ ఎలాగూ గుర్తు చేస్తూనే ఉంది. కానీ తమరి గేజి లెక్క, అంటే తీగ మందం చెప్పే నంబరు, మాత్రం చెప్పుకోవాలి. లోకంలో ఎక్కడైనా నంబరు పెరిగితే సరుకు పెరుగుతుంది. తమరి వంశంలో నంబరు పెరిగేకొద్దీ ఒళ్లు సన్నబడుతుందట! 12 గేజి తీగ రెండున్నర మిల్లీమీటర్లకు పైనే ఉంటే, 14 గేజి రెండు మిల్లీమీటర్లు. మా మేక ఆ తేడాని స్కేలు లేకుండానే కనిపెట్టేసింది.

అది గంజాం మేక. పొడుగు కాళ్లు, బారు కొమ్ములు. మన తెలుగు గొల్లలు కొండల్లో, పొలాల్లో తిప్పుతూ పెంచుకొచ్చిన జాతి. కాళ్ల దగ్గర గడ్డి ఎంతున్నా దానికి ఆనదు, తలకంటే ఎత్తున ఉన్న ఆకే కావాలి. ఆ ఆకు అందాలంటే ముందుకాళ్లు పెట్టుకోవడానికి ఓ ఆసరా ఉండాలి. ఆ ఆసరాగా తమరు దొరికారు. మునగ కొమ్మ వరకూ దాన్ని ఎత్తిపట్టుకుని, వంగి మరీ సాయం చేశారు. ఇంత వినయం మా బంధువుల్లో కూడా చూడలేదు.

కోళ్ల దగ్గర తమరి నిష్పక్షపాతం మరీ మెచ్చుకోదగ్గది. పెట్ట 21 రోజులు కదలకుండా పొదిగి పిల్లల్ని దింపితే, ముంగిస మీ కిందనుంచి దూరింది, పెట్ట మీ పైనుంచి ఎగిరింది. తమరు మాత్రం మధ్యలో గంభీరంగా నిలబడి ఉన్నారు.

ఇక ఆవు. సరిహద్దు అవతల పాతపట్నం వైపు పల్లె నుంచి తెచ్చుకున్నాం. చెవికి పన్నెండంకెల పసుపు బిళ్ల, నడకలో పెద్దింటి ఠీవి. కొత్తచోటుకొచ్చిన ఆవు పాత దొడ్డిని ఊరికే మరిచిపోదు కదా. గేటు గడియ కొమ్ముతో తీసుకుని, పొద్దెక్కేసరికి పాత యజమాని గుమ్మంలో ఉంది. అంటే ఒడిశాలో నెమరువేత మొదలుపెట్టి ఆంధ్రాలో ముగించింది. ఆయన ఫోన్ చేసి, "మీ ఆవు వచ్చిందండీ, కుడితి పెట్టాను, నెమ్మదిగా రండి" అన్నాడు, చుట్టం వచ్చినంత మామూలుగా.

అయినా తమరినొక్కరినే అని ఏం లాభం? తమరి పెద్దన్నగారు, అదే రాష్ట్రాల సరిహద్దు, ఆయనదీ ఇదే ధోరణి. 1936 ఏప్రిల్ 1న వచ్చి కూర్చున్నాడు. పర్లాకిమిడి ఊరిని ఒడిశాకి ఇచ్చి, పక్కనున్న పాతపట్నాన్ని మద్రాసు వైపు ఉంచాడు. అప్పట్నుంచీ మా పట్టాలు ఒడియాలో, పెళ్లి పిలుపులు తెలుగులో. ఆయనకి ఒక్క స్తంభమైనా లేదు, ఒక్క తీగైనా లేదు, అయినా ఆఫీసుల్లో కాగితం తీసుకెళ్లే మనిషిని మాత్రం ఠక్కున ఆపేస్తాడు. ఒడిశా వైపు లఖారీ లోయ అడవిలోని ఏనుగులు శ్రీకాకుళం కొండల్లోకి దిగినప్పుడు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. తమరూ అంతే. ఈ పొలంలో తమరు ఇప్పటిదాకా నికరంగా ఆపింది నన్నొక్కణ్ణే, లుంగీ పట్టుకుని.

పక్క పొలం పిన్ని మొదట్లోనే తమరిని ఆపాదమస్తకం చూసి, "ఏటి బాబూ, ఇంత డబ్బు ఇనుముకి పెట్టీసినావు? అడ్డసరం నాటితే మేక మూతి పెట్టదు కదా!" అంది. నిజమే, ఆ చేదాకు జోలికి ఏ మేకా పోదు. కోతలయ్యాక ఊరంతా పశువుల్ని వదిలేస్తారనీ, సంక్రాంతి దాటితే మళ్లీ వానలదాకా చుట్టుపక్కల పచ్చగా ఉండేది మన వంగ మడులూ, బచ్చలి పాదూ మాత్రమేననీ కూడా ఆవిడే చెప్పింది. పచ్చదనం కనిపిస్తే పశువు వస్తుంది. వస్తే పట్టుకెళ్లి బందెలదొడ్డిలో పెట్టడానికి 1871 నాటి చట్టం ఉందని ఎవరో సలహా ఇచ్చారు. ఎవరి పశువుని పెట్టమంటారు? వచ్చిన గేదె పిన్నిది. మా ఆవు ఊరెళ్లినప్పుడల్లా మా ఇంటి టీకి పాలు ఆ గేదెవే.

మెచ్చుకోవలసిన సంగతి కూడా ఒకటుంది. ఆనపపాదుకి తమరు పందిరిగా బ్రహ్మాండంగా పనికొచ్చారు. తీగ ఎక్కింది, పూసింది, కాసింది. కాయలన్నీ అవతలివైపే కాశాయి. పిన్ని రోజూ ఒకటి కోసి, అందులో సగం ముక్క తమరి మీదుగా మా ఆవిడకి అందిస్తోంది. దాంతో ఇద్దరికీ కబుర్లు కుదిరాయి. రెండిళ్ల కొడవళ్లూ, చెంబులూ ఇప్పుడు ఎటువైపువో ఎవరికీ తెలీదు.

అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరు. వచ్చే వారం గొల్లల మంద ఈ దారిన వస్తోంది. రాత్రిళ్లు ఖాళీ మడుల్లో మంద కట్టిస్తే పెంటికలూ ఉచ్చా నేలకి పట్టి, వానలు పడేసరికి మట్టికి బలం వస్తుందని పిన్ని బేరం కూడా కుదిర్చేసింది. రాత్రికింతని డబ్బూ, వాళ్లకి భోజనం బియ్యమూ ఇవ్వాలి. అంటే మేకల్ని రానివ్వకుండా ఉంచడానికి తమరికి డబ్బు కట్టినవాణ్ణి, మేకల్ని రప్పించుకోవడానికి వాళ్లకి కడుతున్నాను. మంద పెద్దది, గేటు చిన్నది. కాబట్టి తూర్పు వైపు వల రెండు స్తంభాల మధ్య మేర విప్పేస్తున్నాం. మనసులో పెట్టుకోకండి. విప్పిన వలని ఎక్కడ పెట్టాలో పిన్నిని అడిగాను. ఆవిడ కోళ్ల గూటికి కావాలంటోంది.

ఇట్లు,
పట్టా ప్రకారం యజమాని