ట్రినిడాడ్ చమురు చరిత్రలో కార్మికుల చోటెక్కడ?

కరీబియన్ దీవి ట్రినిడాడ్ చమురు కథ ఎవరు చెప్పినా లా బ్రియా తారు సరస్సుతోనే మొదలుపెడతారు. దాదాపు 100 ఎకరాల్లో సహజంగా ఊరిన తారు అది. 1595లో ఇంగ్లిష్ నావికుడు వాల్టర్ రాలీ తన ఓడలకు ఆ తారే పూయించాడు. 1857లో ఒక అమెరికన్ కంపెనీ అక్కడే బావి తవ్వింది. 1866లో వాల్టర్ డార్వెంట్ దగ్గర్లోని అరిపెరోలో చమురు తీశాడు. ఇద్దరికీ ఏమీ మిగల్లేదు. వ్యాపారం 1908 నుంచి నిలదొక్కుకుంది, బ్రిటిష్ యుద్ధనౌకలు బొగ్గు మాని చమురుకు మారడంతో గిరాకీ బాగా పెరిగింది.

ఈ వరసలో బావులు తవ్వినవాళ్లు, కంపెనీలు కనిపిస్తాయి. కూలికి పనిచేసినవాళ్లు కనిపించరు. నా అభ్యంతరం అదే.

అసలు మలుపు 1937 జూన్ 19న దక్షిణ ట్రినిడాడ్‌లోని ఫైజాబాద్‌లో వచ్చింది. ధరలు పెరుగుతున్నా కూలి పెరగని రోజులవి. చమురు కార్మికుల సమ్మెకు నాయకత్వం వహించిన యూరయా బట్లర్ గ్రెనడా నుంచి వలస వచ్చి, చమురు క్షేత్రంలోనే పనిచేసి గాయపడ్డ మనిషి. సభలో మాట్లాడుతుండగా ఆయన్ని పోలీసులు అరెస్టు చేయబోతే జనం అడ్డుపడ్డారు, గొడవలు దీవంతా పాకాయి, ప్రభుత్వం నౌకాదళాన్ని దింపింది. ఆ తర్వాత పుట్టిన చమురు కార్మికుల యూనియన్‌కు తొలి అధ్యక్షుడు ఏడ్రియన్ కోలా రియెంజీ. ఆయన పుట్టినప్పటి పేరు కృష్ణ దేవనారాయణ్, భారత సంతతి వ్యక్తి. చెరకు కార్మికుల యూనియన్‌నూ ఆయనే నడిపాడు. చమురు పనిలో ఎక్కువగా ఆఫ్రికన్ సంతతివాళ్లు, చెరకు తోటల్లో ఎక్కువగా మనవాళ్లు ఉన్న దేశంలో ఇది చిన్న విషయం కాదు.

ఫైజాబాద్‌లో బట్లర్ విగ్రహం ఉంది. జూన్ 19 ఆ దేశంలో కార్మిక దినోత్సవం, ప్రభుత్వ సెలవు. ఏటా యూనియన్లు ఫైజాబాద్‌కే ఊరేగింపుగా వెళ్తాయి.

ట్రినిడాడ్‌లోనే ఉన్న పాయింట్-ఎ-పియర్ చమురు శుద్ధి కర్మాగారం (రిఫైనరీ) సంగతి వేరు. వందేళ్లు నడిచి 2018లో మూతపడింది, వేలమంది ఉద్యోగాలు పోయాయి. మరుసటి ఏడాది ఆ చమురు కార్మికుల యూనియన్‌కు చెందిన కంపెనీయే కొనడానికి ముందుకొచ్చినా బేరం కుదరలేదు. అప్పట్నుంచీ చర్చంతా దాన్ని ఎవరు కొంటారు, ఎంతకు కొంటారు అనే దాని చుట్టూనే తిరుగుతోంది. కొనేవాడు ఎవరైనా, అక్కడి ఉద్యోగుల రికార్డులు, ఫొటోలు, పాత యంత్రాల్లో కొన్ని దేశానికే దక్కాలనే షరతు ఒప్పందంలో రాయాలి. తుక్కు కింద అమ్ముడుపోయాక అడిగి లాభం లేదు.